మాత్రల సంచీ ఒళ్ళోనే ఉండాలి

అక్కలూ, చెల్లెళ్ళూ! పోయిన రెండు వారాలూ మాగాయ, తొక్కుపచ్చడి అంటూ మీ చేత జాడీలు కడిగించాను. ఈ వారం వాటిని పక్కన పెడుతున్నాను. నందిగామ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. “కోడలి పురుటికి అమెరికా రమ్మంటున్నాడు మా అబ్బాయి. నాకు గుండెలో వాల్వు మార్చారు. రక్తం పలుచన చేసే మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నువ్వెలా వెళ్ళొచ్చావక్కా?” అని.

వెళ్ళొచ్చో లేదో తేల్చాల్సింది నీ డాక్టరుగారు తల్లీ, నేను కాదు. నాకెదురైనవి మాత్రం చెబుతాను.

చిన్నప్పుడు ఈ రెడ్డిగూడెంలోనే నాకు మాటిమాటికీ గొంతునొప్పి వచ్చేది, ఆ వెనకే మోకాళ్ళు వాచేవి. ఎదిగే పిల్లకి కీళ్ళు లాగుతాయిలే అని మా అమ్మ ఆముదం రాసేది. ఆ జ్వరం కీళ్ళను వదిలేసి గుండెను పట్టుకుంటుందని ఆవిడకేం తెలుసు? ముప్పై తొమ్మిదో ఏట మామిడి తోటలో గంప ఎత్తబోయి ఆయాసంతో కూలబడ్డాను. మైట్రల్ వాల్వు పాడైందన్నారు. విజయవాడలో ఆపరేషన్ చేసి చిత్రా వాల్వు వేశారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ గారి హయాంలో తయారైన వాల్వు అది. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. రాత్రిళ్ళు సద్దుమణిగాక టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. ఇంట్లో గోడగడియారం దండగంటారు మావారు.

లోహపు వాల్వు కదా, దాని మీద రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. నాది ఎసిట్రోమ్. కొందరికి వార్ఫ్ ఇస్తారు. ఈ వార్ఫరిన్ పుట్టుక తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1930ల్లో అమెరికాలో బూజుపట్టిన ఒకరకం గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే ఆయన ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకున్నాడు. దాన్నిబట్టి తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకు మందైంది. ఎలుకల మందు మింగుతున్నావా అని మా అత్తగారు నెలరోజులు దెప్పారు!

ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. అందుకే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. మామూలు మనిషికి ఒకటి దగ్గర ఉంటుంది. నాకు రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలన్నారు. వాల్వు ఏదో, ఎక్కడ వేశారో బట్టి ఈ అంకె మారుతుంది.

2023 మే నెలలో మా అమ్మాయి పురుటికి డాలస్ బయల్దేరాను. డాక్టరుగారు నెల ముందే రెండుసార్లు పరీక్ష చేయించి, అంకె కుదురుగా ఉందన్నాకే సరేనన్నారు. వాల్వు కార్డు, మందుచీటీ, జబ్బు వివరాలు ఇంగ్లీషులో రాసిచ్చారు. అసలు సంగతేమిటంటే, ఎసిట్రోమ్ అమెరికాలో దొరకదు. అక్కడ వార్ఫరిన్ ఇస్తారు. రెండూ ఒకటే పని చేసినా మిల్లీగ్రాముల లెక్క వేరు. ఇది రెండు మిల్లీగ్రాములు గనుక అదీ రెండే అని మనంతట మనం మార్చేసుకోకూడదు. మందులు సాధారణంగా 90 రోజులకు మించి తీసుకెళ్ళొద్దంటారు. అందుకని నేను 80 రోజులకే తిరుగు టిక్కెట్టు తీయించాను.

ఇక నా తెలివితక్కువతనం వినండి. ఆవకాయ, కారప్పొడి, పురుటి సామానుతో పాటు మాత్రల డబ్బా కూడా పెద్దపెట్టెలో సర్దేశాను. దారిలో వేసుకోవడానికని నాలుగే నాలుగు మాత్రలు చేతిసంచీలో వేసుకున్నాను. డాలస్‌లో దిగి చూస్తే పెట్టె రాలేదు. మధ్యలో విమానం మారినచోట ఆగిపోయిందట. అమ్మాయి చూస్తే నిండు చూలాలు, దానికి చెబితే కంగారుపడుతుంది. చెప్పకుండా లోపలే మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూడు, రెండు... ఎసిట్రోమ్ ప్రభావం త్వరగా దిగిపోతుంది, ఒకటి రెండు రోజులు తప్పినా చాలు ప్రమాదమే. చివరికి మా అల్లుడికే చెప్పాను. “మొదటే చెప్పొద్దా అత్తయ్యా!” అని అతను డాక్టరు కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, నాలుగో మాత్ర వేసుకోబోయే పొద్దున పెట్టె గుమ్మంలోకి వచ్చింది. ఆవకాయ సీసా పగిలింది. దాన్నెవరు చూశారు!

మాత్ర వేళ సంగతి అడిగావు. ఇక్కడ నేను రాత్రి ఏడింటికి వేసుకునేదాన్ని. ఆ రోజుల్లో డాలస్‌కి అది పొద్దున ఎనిమిదిన్నర. చేతిగడియారం మన టైములోనే ఉంచి, ఉన్నన్నాళ్ళూ ఆ వేళకే వేసుకున్నాను. ఒక పూట మరిచి అదేరోజు గుర్తొస్తే వేసుకోవచ్చన్నారు. మర్నాడు మాత్రం రెండు కలిపి మింగకూడదు. విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేశాను, మంచినీళ్ళు తాగాను.

పదో రోజున పరీక్ష చేయిస్తే 2.1! కారణం పాలకూర. డబ్బాల కొద్దీ తెచ్చి పప్పులోనూ కూరలోనూ రోజూ నేనే వేశాను. ఆకుకూరల్లోని కె విటమిన్ మాత్రకు ఎదురు తిరుగుతుంది. అలాగని మానేయక్కర్లేదు. ఇంట్లో ఎంత తింటామో అక్కడా అంతే తినాలి, గోంగూరైనా తోటకూరైనా. మా డాక్టరుగారు ఫోనులో మోతాదు సవరించారు, పై వారానికి 2.8కి వచ్చింది. పరీక్ష బిల్లు రూపాయల్లోకి మార్చి చూసి ఉన్న వాల్వు కాస్తా ఆగుతుందనుకున్నాను. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు పాతజబ్బుకు వర్తిస్తుందా లేదా గుచ్చిగుచ్చి అడగండి, చాలావాటిలో వర్తించదు.

నొప్పిబిళ్ళలు, పిరుదు మీద ఇంజెక్షన్లు, చెట్టుమందులు డాక్టరును అడగకుండా వద్దు. జ్వరం, విరేచనాలు వచ్చినా, యాంటీబయాటిక్ వాడినా అంకె మారిపోతుంది. తలకు దెబ్బ తగిలినా, మలం నల్లగా వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా క్షణం ఆగకుండా ఆస్పత్రికే. ఈ మాత్ర వాడే ఆడపిల్లలు బిడ్డ కోసం అనుకుంటే ముందుగానే డాక్టరుకు చెప్పాలి. కడుపులో బిడ్డకు ఇది మంచిది కాదు.

మనవరాలు పుట్టింది. దాన్ని ఎదమీద పడుకోబెట్టుకుంటే టిక్కుటిక్కు వింటూ ఇట్టే నిద్రపోయేది. వాళ్ళమ్మ జోలపాడినా పడుకునేది కాదు.

చెల్లీ, ముందు పరీక్ష చేయించుకుని ఎంతొచ్చిందో రాయి. మాత్రలు మాత్రం మొత్తం ఒళ్ళోని సంచీలో, చీటీతో సహా. వచ్చేవారం మామిడితాండ్ర.