తురీయానికి తరంగం లేదు

మాండూక్యోపనిషత్తు బోధించిన అవస్థలను మస్తిష్క తరంగాలతో ముడిపెట్టడం ఇటీవల ప్రవచన వేదికల మీద, ధ్యాన శిబిరాలలో పరిపాటి అయింది. జాగ్రత్తుకు బీటా, స్వప్నానికి థీటా, సుషుప్తికి డెల్టా, తురీయానికి గామా అని ఒక పట్టిక వేస్తారు. ఋషులు ఏనాడో దర్శించినదానిని నేటి విజ్ఞానం నిరూపించిందని ప్రకటిస్తారు. శ్రోతలు పరవశించి కరతాళధ్వనులు చేస్తారు. ఈ పట్టిక ఉపనిషత్తుకు గౌరవమని వారి భావన. విచారిస్తే ఇది విజ్ఞాన దృష్టిలో అసంగతం; వేదాంత దృష్టిలో అంతకంటె గొప్ప అపరాధం.

మొదట యంత్రం గ్రహించేది ఏమిటో తెలియాలి. 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదడు ఉపరితలం మీద విద్యుత్ప్రవాహాలను గాల్వనామీటరుతో గుర్తించాడు. మానవ శిరస్సు నుండి వాటిని తొలిసారి నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా నగరపు మనోవైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో ఆ పని సాధించి 1929లో లోకానికి ప్రకటించాడు. అయితే ఆయన వెదకినది వేరు. యౌవనంలో సైనిక శిక్షణ పొందుతూ గుర్రం మీదనుండి పడి ప్రాణాపాయం తప్పించుకున్నాడు. అదే రోజున దూరాన ఉన్న సోదరికి ఆయనకేదో ఆపద కలిగినట్లు తోచి, తండ్రిచేత తంతి పంపించింది. మనస్సునుండి మనస్సుకు ప్రసరించే శక్తి ఉన్నదని ఆయన విశ్వసించాడు. మనోవ్యాపారానికి భౌతికమైన ఆధారాన్ని పట్టుకోవాలని దీర్ఘకాలం శ్రమించాడు. చివరకు కాగితం మీద పడినది మనస్సు కాదు. సెకనుకు సుమారు 10 సార్లు ఊగే సన్నని విద్యుత్ స్పందన. దానికే ఆల్ఫా అని పేరు. కన్నులు మూసి విశ్రాంతిగా ఉన్నప్పుడు అది కనిపిస్తుంది. కన్నులు తెరిస్తే అణగిపోతుంది. మనస్సును వెదకబోయినవానికి దేహస్పందన దొరికింది. ఈ యంత్రచరిత్ర తొలి పుటలోనే సాధకునికి ఒక పాఠం ఉన్నది.

నేడు ఇ.ఇ.జి. అని పిలిచే ఈ పరీక్షలో తల చర్మం మీద లోహపు బిళ్లల వంటి ఎలక్ట్రోడులను అతికిస్తారు. వాటి స్థానాలను నిర్ణయించే పద్ధతి 1958లో స్థిరపడింది. అందులో 21 స్థానాలు ముఖ్యం. మెదడు పైపొరలోని వేలాది నాడీకణాలు ఒకేసారి ఒకే విధంగా స్పందిస్తే, వాటి సూక్ష్మ విద్యుద్భేదాలు కూడుకొని కపాలాన్ని దాటి బయటకు వస్తాయి. అప్పటికి వాటి పరిమాణం వోల్టులో పది లక్షలవ వంతులతో కొలవవలసినంత స్వల్పం. దానిని యంత్రం పెంచి గీతలుగా చూపుతుంది. సెకనుకు 4 ఆవృత్తులకు లోపువి డెల్టా, 4 నుండి 8 వరకు థీటా, 8 నుండి 13 వరకు ఆల్ఫా, 13 నుండి 30 వరకు బీటా, ఆపైన గామా. ఇవి వేగానికి పెట్టిన పేర్లు మాత్రమే; జ్ఞానానికి, అజ్ఞానానికి పెట్టిన పేర్లు కావు.

నిద్రలో ఈ గీతలు మారుతాయన్నది నిజం. 1937లో అమెరికాలో లూమిస్, హార్వీ, హోబర్ట్ అనువారు నిద్రను తరంగాలనుబట్టి దశలుగా విభజించారు. కునుకు పట్టగానే ఆల్ఫా చెదరి థీటా వస్తుంది. పిదప సెకనుకు 12 నుండి 14 ఆవృత్తుల చిన్న గుచ్ఛాలు కదురు ఆకారంలో మెరుస్తాయి. గాఢనిద్రలో నాడీకణసమూహాలు కలిసి లేచి కలిసి అణగుతాయి. కనుక మెల్లని, ఎత్తైన డెల్టా అలలు వస్తాయి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ మరొక దశను ప్రకటించారు. అందులో మూసిన రెప్పల క్రింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి, కండరాలు పట్టు సడలుతాయి, మెదడు గీతలు మాత్రం మేల్కొన్నవాని గీతలను పోలి ఉంటాయి. ఆ దశలో లేపితే చాలామంది కలలు చెబుతారు. ఈ క్రమం సుమారు 90 నిమిషాలకొకసారి ఆవృత్తమవుతుంది. తొలి యామాలలో గాఢనిద్ర, తెల్లవారుజామున స్వప్నదశ అధికం.

ఇంతవరకు నిర్వివాదం. ఇప్పుడు ఆ పట్టికను పరీక్షించాలి.

స్వప్నానికి థీటా అన్నారు. కనుగుడ్లు కదిలే దశలో గీతలు జాగ్రత్తును పోలి ఉంటాయని పైన చూశాము. అంతేకాదు, ఆ దశ కాని నిద్రనుండి లేపినప్పుడు కూడ కొందరు కలలు చెబుతారు. సుషుప్తికి డెల్టా అన్నారు. డెల్టా వంటి మెల్లని అలలు గాఢమైన మత్తుమందు ప్రభావంలోను, కోమాలోను వస్తాయి. మెదడుకు దెబ్బ తగిలినచోట మేల్కొన్నవానిలోను కనిపిస్తాయి. వీరందరూ ప్రాజ్ఞునిలో లీనమైనవారా? ధ్యానానికి ఆల్ఫా అన్నారు. గుండె ఆగి, మెదడుకు ప్రాణవాయువు అందక స్పృహ కోల్పోయిన కొందరు రోగులలో ఆల్ఫా వేగపు గీతలే నిరంతరంగా వస్తాయని వైద్యులు ఎరుగుదురు. దానిని సమాధి అని ఎవరైనా అనగలరా? తురీయానికి గామా అన్నారు. నుదుటి కండరం, దవడ కండరం బిగిస్తే ఆ వేగంలోనే విద్యుత్తు పుట్టి గీతలలో కలుస్తుంది. పళ్లు బిగించినవానికి తురీయం సిద్ధించిందనవలసివస్తుంది!

యోగులనే పరీక్షించారు కదా అని పూర్వపక్షి అనవచ్చు. పరీక్షించిన మాట వాస్తవం, వాటి ఫలితాలు పరస్పరం ఏకీభవించని మాట కూడ వాస్తవం. 1955లో దాస్, గాస్తో అనే పరిశోధకులు గాఢధ్యానంలో వేగవంతమైన తరంగాలను చూశారు. 1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ ప్రకటించిన పరిశీలనలో సమాధిలో ఉన్న యోగుల ఆల్ఫా వెలుగుకు, శబ్దానికి, వేడిమికి చెదరలేదు. 1966లో జపానులో కసమత్సు, హిరాయ్ ప్రకటించిన పరిశీలనలో జెన్ సాధకుల ఆల్ఫా ప్రతి శబ్దానికి చెదరి మరల కుదురుకున్నది. ఎన్నిసార్లు విన్నా ఆ స్పందన అలవాటుగా మారి తగ్గలేదు. 2004లో అమెరికాలో బౌద్ధ సాధకులలో బలమైన గామా కనిపించింది. సాధనలు వేరు, కనుక గీతలు వేరు. ఈ పరిశోధకులు శ్రద్ధతో చేసినది అంతఃకరణ పరిణామాల పరిశీలన. దానిని బ్రహ్మసాక్షాత్కార ప్రమాణపత్రంగా మార్చినది ప్రచారకులే.

ఇక అసలు దోషం. దృగ్దృశ్యవివేకం అద్వైతానికి ద్వారం. కన్ను రూపాన్ని చూస్తుంది, మనస్సు కన్నును చూస్తుంది, సాక్షి మనస్సును చూస్తుంది; సాక్షిని చూసేది మరొకటి లేదు. కాగితం మీది గీత దృశ్యం. తెర మీది అంకె దృశ్యం. తురీయాన్ని మాండూక్యం నిషేధముఖంగానే నిర్దేశించింది: అది వ్యవహారానికి, గ్రహణానికి, లక్షణానికి అందనిదని చెప్పింది. లక్షణమే లేనిదానికి సెకనుకు 40 ఆవృత్తులనే లక్షణాన్ని కట్టబెట్టడం ఏ వ్యాఖ్యానం? పైగా తురీయం నాల్గవ అవస్థ కాదు. మూడు అవస్థలు వచ్చిపోతుండగా వేటితోను రాక, వేటితోను పోక, అన్నింటిలో ఉన్నదే తురీయం. తరంగం పుడుతుంది, అణగుతుంది. పుట్టి అణగేది ఎంత సూక్ష్మమైనా అనాత్మయే.

సుషుప్తి విషయంలోనూ ఇదే పొరపాటు. యంత్రం చూపే సుషుప్తి ఇతరుని జాగ్రత్తులో కనిపించే ఒక చిత్రం. గీతలు నమోదవుతున్న రాత్రి వాటిని పరిశీలించే వైద్యుడు మేల్కొని ఉన్నాడు. వేదాంతం విచారించే సుషుప్తి అది కాదు. లేచినవాడు సుఖంగా నిద్రించాను, ఏమీ ఎరుగను అని చెప్పుకొనే స్వానుభవం అది. ఆ సుఖాన్ని, ఆ ఎరుగమిని ఎవరు ఎరిగి ఉన్నారు అన్నదే ప్రశ్న. ఎన్ని ఎలక్ట్రోడులు అతికించినా ఆ ప్రశ్న గీతగా మారదు.

ఇక్కడ రెండవ పూర్వపక్షి లేస్తాడు. డెల్టా రాగానే తెలివి పోతున్నది, మత్తుమందు ఇవ్వగానే తెలివి పోతున్నది. కనుక చైతన్యం మెదడు పుట్టించినదే, ఆత్మ లేదు అంటాడు. ఇతడు మొదటివానికి కవల సోదరుడు. ఇద్దరూ చైతన్యాన్ని గీతలోనే వెదికారు. ఒకడు దొరికిందన్నాడు, ఒకడు లేదన్నాడు. మనస్సు దేహాధీనమని చెబితే వేదాంతం కలతపడదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువును 15 దినాలు ఉపవాసం ఉంచాడు. చదివిన వేదం అతనికి స్ఫురించలేదు, భుజించగానే స్ఫురించింది. మనస్సు అన్నమయమని తండ్రి బోధించినది అందుకే. ప్రశ్నోపనిషత్తులో గార్గ్యుడు, ఎవరు నిద్రిస్తారు, ఎవరు మేల్కొని ఉంటారు అని అడిగితే, ఇంద్రియాలు మనస్సులో ఏకమైనా దేహపురంలో ప్రాణాగ్నులు మేల్కొనే ఉంటాయని పిప్పలాదుడు చెప్పాడు. నిద్రించేవాని మెదడు పనిచేస్తూనే ఉందని యంత్రం చెప్పడంలో ఆశ్చర్యమేమున్నది? సుషుప్తిలో పోయేది వృత్తి. దానిని ప్రకాశింపజేసేది కాదు. రాత్రి ఆకాశంలో గ్రహాల నడుమ సూర్యరశ్మి ప్రసరిస్తూనే ఉన్నా అది మనకు చీకటిగానే తోస్తుంది. అక్కడికి చంద్రుడు రాగానే వెలుగు తెలుస్తుంది. వెలిగింపబడేది లేకపోవడం వెలుగు లేకపోవడం కాదు. ఈ దృష్టాంతం యంత్రంతో ఆత్మను నిరూపించడానికి కాదు; యంత్రం ఆత్మను నిరూపించదు, ఖండించదు, అది దాని విషయమే కాదని చూపడానికి.

ఇది పండితుల వాగ్వాదమని ఉపేక్షించరాదు. నేడు నుదుటికి కట్టుకొనే పట్టీలు ధ్యానానికి మార్కులు వేస్తున్నాయి. ఆల్ఫా రప్పిస్తామనే ధ్వనులు ధరకు దొరుకుతున్నాయి. ఇరవై ఏళ్లు నిష్ఠగా జపం చేసిన సాధకుడు ఫోను తెర మీద అంకె తగ్గిందని దిగులుపడితే, అతని దృష్టి మంత్రంనుండి తెరకు జారినట్లే. అంకె పెరిగిందని పొంగినవాని గతి మరింత శోచనీయం. అహంకారం దేహాన్ని వదలి తరంగాన్ని పట్టుకున్నది, అంతే. వేరొక ప్రమాదమూ ఉన్నది. శ్రద్ధను యంత్రం మీద నిలిపినవాని శ్రద్ధ, రేపటి పరిశోధన నేటిదానిని త్రోసిపుచ్చగానే కూలిపోతుంది. శ్రుతి ప్రామాణ్యానికి ప్రయోగశాల పూచీకత్తు అడిగినవాడు, శ్రుతిని ఎన్నడూ ప్రమాణంగా అంగీకరించలేదు.

యంత్రాన్ని నిందించడం ఇక్కడి ఉద్దేశం కాదు. మూర్ఛవ్యాధిని గుర్తించడంలో, నిద్రారోగాలను నిర్ణయించడంలో అది మహోపకారి. జపం మధ్యలో స్పృహ తప్పేవాడు, వెలుగులు కనిపించి అవయవాలు కొట్టుకొనేవాడు దానిని సమాధి అని మురిసిపోక నరాల వైద్యుని చూపించుకోవాలి. అక్కడ ఇ.ఇ.జి. ప్రమాణమే. దేహానికి వైద్యుడు, ఆత్మవిద్యకు ఆచార్యుడు. ఒకరి పీఠంలో మరొకరిని కూర్చుండబెట్టినప్పుడే అనర్థం. రోగానికి ఆచార్యుని, మోక్షానికి యంత్రాన్ని ఆశ్రయించినవాడు రెంటికీ చెడుతాడు.

కాబట్టి ఆ పట్టికను సాధకుడు పరిత్యజించాలి. గీత వేగంగా నడచినా, మెల్లగా నడచినా, పూర్తిగా నిలిచినా, అది నడిచిందని, నిలిచిందని తెలుసుకొనేది ఏదో దానిని విచారించాలి. శ్రవణ మనన నిదిధ్యాసనలకు బదులుగా నిలువగల ఎలక్ట్రోడు లేదు.