గృహవిజ్ఞానము: ఫైలు పేరు చివరి చుక్క

మన గృహములలో నేడు కంప్యూటరుగాని చేతిఫోనుగాని లేని యిల్లు అరుదు. పిల్లల పాఠములు, బ్యాంకు లెక్కలు, వైద్యుని చీట్లు, పెండ్లి ఛాయాచిత్రములు, దూరదేశమందున్న బిడ్డలు పంపు కబుర్లు అన్నియు ఫైళ్ల రూపముననే మన చేతికి వచ్చుచున్నవి. వంటయింటిలో ఏ డబ్బాలో నేమున్నదో చీకటిలోనైనను చెప్పగల గృహిణులు, ఈ ఫైళ్ల విషయమున మాత్రము "పిల్లలు చూచుకొందురులే" అని యూరకుండుట మేము గమనించుచున్నాము. ఈ యుపేక్షవలన ధనము పోవుటయు, మరల సంపాదింపరాని ఛాయాచిత్రములు పోవుటయు గలదు. కావున ఈ మాసమున ఫైలు పేరు చివరనుండు చుక్కను గూర్చియు, దాని తరువాతి యక్షరములను జూచి యంత్రము ఏమి చేయుననుదానిని గూర్చియు ముచ్చటింపదలచితిమి.

మనలో ఇంటిపేరు ముందును, సొంతపేరు తరువాతను వచ్చును. ఫైలునకట్లుగాదు, సొంతపేరు ముందు, ఆపైన ఒక చుక్క, చుక్కకు పిమ్మట ఇంటిపేరు. దీనినే ఎక్స్‌టెన్షన్ అందురు. మేమిచ్చట సౌకర్యముకొఱకు కొసపేరు అని వ్యవహరింతుము. టీఎక్స్‌టీ యన్న వట్టి వ్రాత. జేపీజీ యన్న ఛాయాచిత్రము. పీడీఎఫ్ అన్న అచ్చుపుటవలె నుండు పత్రము. ఎంపీ3 యన్న పాట. ఈఎక్స్‌ఈ యన్న విండోసు కంప్యూటరుపై స్వయముగా పనిచేయు ప్రోగ్రాము. ఏపీకే యన్న ఆండ్రాయిడు ఫోనులో క్రొత్త యాప్‌ను నాటుకొనునట్టిది. ఇందు మొదటి నాలుగును చదువుటకు, చూచుటకు, వినుటకు. కడపటి రెండును పనిచేయుటకు. ఈ భేదమే మన ముచ్చటకు ప్రాణము.

కొసపేరు మూడక్షరములే యుండుటకు కారణము కలదు. 1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ కిల్డాల్ అను నతడు రచించిన సీపీఎం అను వ్యవస్థలో ఫైలు పేరునకు 8 అక్షరములు, కొసపేరునకు 3 అక్షరములు మాత్రమే చోటుండెను. 1981లో వెలువడిన ఎంఎస్ డాస్ ఆ నియమమునే గైకొనెను. 1995లో విండోసు 95 వచ్చి దీర్ఘనామములకు దారియిచ్చినను, పాత యలవాటు నేటికిని పోలేదు.

ఇక మనము ఒక ఫైలుపై మీట నొక్కగానే యంత్రము చేయు పని యేది? పూర్వము గ్రామమున ఏ పొలము ఎవరిదో తెలియవలెనన్న కరణముగారి చిట్టా విప్పవలసి యుండెను. పొలమును చూచి యెవ్వరును యజమానిని చెప్పజాలరు. విండోసునందు గూడ అట్టి చిట్టా యొకటి కలదు. దానికి రిజిస్ట్రీ యని పేరు. టీఎక్స్‌టీ యను కొసపేరు గల ఫైలును తెరువుమనగా, యంత్రము మొదట ఆ కొసపేరును చిట్టాలో వెదకును. అచ్చట టీఎక్స్‌టీఫైల్ అను నొక వర్గనామము దొరకును. ఆ వర్గనామమునుబట్టి మరియొక పుటకు బోగా, అందు రెండు సంగతులుండును: మనకు కనబడవలసిన వివరణ, అనగా టెక్స్ట్ డాక్యుమెంట్ అను మాట, తెరువవలసిన ప్రోగ్రాము, అనగా నోట్‌ప్యాడ్. ఫైలు ప్రక్కన నుండు చిన్న బొమ్మయు ఇట్లే వచ్చును.

ఈ చిట్టాలో రెండంతరువులు గలవు. ఒకటి యంత్రమును వాడు అందఱకు వర్తించునది; రెండవది యొక్కొక్కరి సొంతము. రెంటను భేదమున్నచో సొంత చిట్టాయే చెల్లును. అందుచేతనే ఒకే కంప్యూటరుపై తల్లికి పాట యొక ప్రోగ్రాములోను, కుమార్తెకు వేఱొక ప్రోగ్రాములోను తెరువబడుచుండును. "ఈ జాతి ఫైలు నాకు దీనితోనే తెరువవలెను" అని మనము స్వయముగా ఎంచుకొన్నచో ఆ కోరిక వేఱుగ వ్రాయబడును. 2012లో వచ్చిన విండోసు 8 మొదలుకొని దానికొక ముద్రయు వేయుచున్నారు. ఏలనన, క్రొత్తగా వచ్చిన ప్రతి ప్రోగ్రామును మనల నడుగకయే ఆ పెత్తనమును లాగికొనకుండుటకు.

మన పాఠకురాండ్రలో ప్రోగ్రాములు వ్రాయువారును, నేర్చుకొను కుమార్తెలు గలవారును పెక్కురు. వారికొక మాట. విండోసు ఆజ్ఞాగవాక్షమున అసోక్ అని వ్రాసి కొసపేరు చేర్చినచో వర్గనామము వచ్చును. ఎఫ్‌టైప్ అని వ్రాసి ఆ వర్గనామము చేర్చినచో తెరుచు ప్రోగ్రాము వచ్చును. అభ్యాసమునకివి చాలును. కాని యివి యందఱి చిట్టానే చూపును గాని, మనిషి తనకై యెంచుకొన్న దానిని చూపవు. కావున ప్రోగ్రామునందు చిట్టాను స్వయముగా త్రవ్వుటకంటె, అసోక్‌క్వెరీస్ట్రింగ్ అను వ్యవస్థ యిచ్చిన సాధనమునే యడుగుట మేలు. అది రెండంతరువులను, సొంత కోరికను గూడ కలిపి చూచి ప్రత్యుత్తరమిచ్చును. చిట్టాలో నెక్కని కొసపేరు నడిగినచో, "దేనితో తెరువవలెను?" అని మనల ప్రశ్నించు ప్రోగ్రాము పేరే జవాబుగా వచ్చుట గలదు, దానిని నిజమైన యజమానిగా భ్రమపడరాదు. లినక్సులో ఎక్స్‌డీజీ మైమ్ అను నాజ్ఞయు, పైథాన్ భాషలో మైమ్‌టైప్స్ అను భాగమును ఇట్టి ప్రశ్నలకే యుపయోగించును.

ఇచ్చట నొక వింత గలదు. కొసపేరు వివరణను తెలిపెడి ఎస్‌హెచ్‌గెట్‌ఫైల్‌ఇన్ఫో అను సాధనమునకు ఒక గుర్తుతో చెప్పినచో, అది ఫైలును చూడనే చూడదు. అట్టి ఫైలు లోకమున లేకున్నను "ఇది టెక్స్ట్ డాక్యుమెంట్" అని నిస్సంకోచముగా చెప్పును. మనము కల్పించిన కొసపేరు నిచ్చినను, దానికే ఫైల్ అను మాట తగిలించి వివరణగా నిచ్చును. అనగా యంత్రము చెప్పునది చీటీని గూర్చియే గాని డబ్బాలోని సరకును గూర్చి గాదు. సున్నపు డబ్బాపై పంచదార యని చీటీ యంటించినచో అది పంచదార యగునా? యంత్రమునకు రుచి తెలియదు. చీటీ మాత్రమే తెలియును.

ఈ సంగతి నెఱిగిన దుష్టులు లోకమును ఎట్లు వంచించిరో చూడుడు. 2000 సంవత్సరము మే నెల 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమునుండి "నిన్ను ప్రేమించుచున్నాను" అను శీర్షికతో నొక జాబు లోకమంతట ప్రాకెను. దానితో వచ్చిన ఫైలు పేరు ప్రేమలేఖ, ఆపైన టీఎక్స్‌టీ, దానికి తరువాత మఱియొక చుక్క పెట్టి వీబీఎస్ అని యుండెను. విండోసు తనకు తెలిసిన కొసపేర్లను దాచి చూపు నలవాటు గలది. కావున చూచువారికి కడపటి వీబీఎస్ కనబడక టీఎక్స్‌టీ మాత్రమే కనబడెను. వట్టి జాబే గదాయని లక్షలకొలది జనులు తెఱచిరి. వీబీఎస్ అన్న పనిచేయు లిపి. అది వారి పరిచితులకందఱకు తన్ను తాను పంపుకొనుటయే గాక, కంప్యూటరులోని జేపీజీ ఛాయాచిత్రములను చెఱిపి వాని స్థానమున తన నకళ్లను నిలిపెను. ఎందఱి యిండ్లలో పసిబిడ్డల మొదటి చిత్రములు పోయెనో! కన్నులకు కనబడని మూడక్షరములు చేసిన పని యిది.

ఇది పాత కథ యని తలంపవలదు. 2024లో మన దేశమున వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ పేర ఏపీకే ఫైళ్లు తిరుగుచున్నవని పోలీసు శాఖవారు హెచ్చరించిరి. శుభలేఖ యన్న ఎవరు తెఱువకుందురు? కాని శుభలేఖ జేపీజీ గానో, పీడీఎఫ్ గానో, వీడియో గానో యుండును. యాప్ ఏల కావలెను? దానిని నొక్కగా ఫోను "తెలియని చోటునుండి వచ్చిన యాప్‌ను చేర్చుకొందువా?" అని యడుగును. తొందరలో సరే యన్నచో, ఆ యాప్ మన సందేశములు చదువుటకు అనుమతి పొంది, బ్యాంకు పంపు రహస్యసంఖ్యలను దొంగిలింపగలదు. శుభలేఖ చూడబోయి సొమ్ము పోగొట్టుకొనుట యిట్లు సంభవించుచున్నది.

మఱియొక పొరపాటును గూడ చెప్పవలసియున్నది. కొసపేరును మార్చిన సరకు మారునని కొందఱు తలంతురు. 2017 మొదలు ఐఫోనులు ఛాయాచిత్రములను హెచ్ఈఐసీ యను రూపమున దాచుచున్నవి. దరఖాస్తునకు జేపీజీ కావలెనన్నప్పుడు పేరు చివర జేపీజీ యని దిద్దినంత మాత్రమున చిత్రము మారదు. అవతలివారికి తెరువబడక దరఖాస్తు త్రోసివేయబడవచ్చును. చిత్రమును మార్చెడి యాప్‌లోనే జేపీజీగా భద్రపఱచవలెను.

ఫైలు లోపలనే సరకును తెలుపు గుర్తులు గూడ గలవు. పీడీఎఫ్ ఫైలు సాధారణముగా శాతపు గుర్తుతోను, దాని వెంటనే ఆ మూడక్షరములతోను మొదలగును. యూనిక్సు వ్యవస్థలో 1973లోనే వెలువడిన ఫైల్ అను నాజ్ఞ యిట్టి గుర్తులను చూచి నిజము చెప్పుటకు యత్నించును. అయినను అదియు సంపూర్ణము గాదు. నేటి వర్డు పత్రమగు డాక్స్ ఫైలును, ఏపీకే ఫైలును రెండును జిప్ మూటలే. రెంటి మొదటను పీకే యను రెండక్షరములే యుండును. చీటీని చూడవలెను, సరకును చూడవలెను, పంపినవారిని గూడ విచారింపవలెను.

కావున పాఠకసోదరీమణులు ఈ మాసముననే చేయదగిన పనులివి. విండోసు 11 గల కంప్యూటరులో ఫైళ్ల గవాక్షము తెఱచి, వ్యూ అను చోట షో అనుదానిని నొక్కి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనుదానికి గుర్తు పెట్టుడు. అప్పటినుండి కొసపేర్లు దాదాపుగా అన్నియు కనబడును. రెండు చుక్కలున్న పేరు కనబడినచో కడపటిదే యసలైనదని యెఱుగుడు. చదువుటకని వచ్చిన ఫైలు ఈఎక్స్‌ఈ, వీబీఎస్, ఏపీకే అను కొసపేరుతో నున్నచో, పంపినవారు సొంత తోబుట్టువులైనను ఫోను చేసి యడుగక తెఱువకుడు. వారి ఫోనే ముందుగా దొంగల చేత చిక్కియుండవచ్చును. ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకువారికిని తెలుపుడు.

బియ్యములో రాయి నేరుట మన కెవ్వరును క్రొత్తగా నేర్పనక్కఱలేదు. ఆ కన్నునే ఫైలు పేరు చివరి చుక్కపై నొక్క క్షణము నిలిపినచో చాలును. ఇంటిలోని పెద్దలకును పిన్నలకును ఈ సంగతి చదివి వినిపింతురుగాక.