ఎండ అందరిదీ, కూలి ఎవరికి?

రాయలసీమ ఎండకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు 5,932 ఎకరాలు ఆక్రమించింది. సామర్థ్యం 1,000 మెగావాట్లు. కరెంటు వద్దని మేమనడం లేదు. కానీ నేలకు దగ్గరగా పలకలు పరిచేస్తే అక్కడ నాగలి దిగదు, కలుపు తీసే పనీ ఉండదు. పట్టా ఉన్నవాడికి పరిహారమో కౌలో దక్కుతుంది. రెక్కలే ఆస్తిగా బతికే కూలీకి? పోయిన పనిదినాలు ఏ పద్దులో రాస్తారు?

పంటా కరెంటూ ఒకే చేలో ఇమడగలవు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థ 105 కిలోవాట్ల పలకలు నిలిపి, వరుసల నడుమ పెసర పండించింది. పలకల మీద పడ్డ వాన నీటిని తొట్టిలోకి మళ్లించి, వాటితోనే పలకలు కడిగి, మిగిలినవి చేనుకు పెట్టే ఏర్పాటు చేసింది. అయితే వరుసల మధ్య జాగా వదలాలి, ఎకరాకు పలకలు తగ్గుతాయి. కంపెనీలకు రుచించనిది సరిగ్గా ఇదే!

2019 నాటి కుసుమ్ పథకంలోనూ సాగుభూమిలో పలకలు ఎత్తుగా నిలిపి, కింద పంట వేసుకోవచ్చని రాసుంది. రాసుంది సరే, అడిగేవాళ్లుండాలి గదా. కౌలు కాగితం మీద వేలిముద్ర పడకముందే, కింద ఏ పంట వేస్తారో, ఎందరికి పని దొరుకుతుందో గ్రామసభలో చెప్పమని కూలి సంఘాలు పట్టుబట్టాలి.