ఫోన్ అప్‌డేట్ వెంటనే కొట్టేయండి, సెఫ్ క్లస్టర్‌కి మాత్రం ఆగండి

కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ మొదటి రోజే వేసుకోవడం మనలో చాలామందికి సరదా. అందులో రిస్క్ కూడా తక్కువే. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ/బీ అప్‌డేట్ పద్ధతి ఉన్న ఫోన్లలో, కొత్త సిస్టమ్ బూట్ కాకపోతే ఫోన్ తనంతట తానే పాతదానికి వెళ్లిపోతుంది. ఇంట్లో మూడు మినీ పీసీలు పెట్టి ప్రాక్స్‌మాక్స్ మీద సెఫ్ నడిపేవాళ్లు కూడా ఇదే ఊపులో మేజర్ అప్‌గ్రేడ్ చేసేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

సెఫ్ అంటే చాలా కంప్యూటర్లలోని డిస్కులను కలిపి ఒకే పెద్ద స్టోరేజ్‌గా మార్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మామూలుగా ప్రతి డేటా ముక్కకీ మూడు కాపీలు వేర్వేరు మెషీన్లలో ఉంచుతుంది. దాంతో "మూడు కాపీలున్నాయిగా, ఏమవుతుందిలే" అన్న ధీమా వచ్చేస్తుంది.

అసలు ప్రమాదం ఆ ధీమాలోనే ఉంది. డిస్క్ పోతే కాపీలు కాపాడతాయి. సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుంటే? మూడు చోట్లా నడిచేది అదే కోడ్ కదా! 2021 నవంబర్‌లో సెఫ్ టీమే స్వయంగా, పాత వెర్షన్ల నుంచి పసిఫిక్‌కి, అంటే 16వ వెర్షన్‌కి, అప్‌గ్రేడ్ చేయొద్దని హెచ్చరించింది. పాత డేటా ఫార్మాట్‌ని కొత్తదానికి మార్చేటప్పుడు డేటా పాడయ్యే బగ్ బయటపడింది. 16.2.7లో సరిచేశారు. కొత్తగా పెట్టిన క్లస్టర్లకి ఆ సమస్యే లేదు. దెబ్బ తగిలే అవకాశం అప్‌గ్రేడ్ చేసినవాళ్లకే.

అందుకే నా మొదటి సలహా: కొత్త మేజర్ వెర్షన్‌కి కొన్ని పాయింట్ రిలీజ్‌లు వచ్చేదాకా ఆగండి. అలాగని ఏళ్ల తరబడి కూర్చోవద్దు. ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు రెండేళ్లే. పైగా మధ్యలో ఒక్క వెర్షన్‌నే దాటగలం. 17 నుంచి 19కి నేరుగా వెళ్లొచ్చు, 16 నుంచి కుదరదు.

మొదలుపెట్టేముందు క్లస్టర్ హెల్త్ ఓకే చూపించాలి. తర్వాత 'నోఅవుట్' ఫ్లాగ్ పెట్టండి. లేకపోతే ఆగిన డిస్క్‌ని 10 నిమిషాల తర్వాత పోయినట్టే లెక్కేసి, సెఫ్ డేటాని అటూ ఇటూ మోయడం మొదలుపెడుతుంది. వరుస ఇది: ముందు మానిటర్లు, తర్వాత మేనేజర్లు, ఆ తర్వాత డిస్కులు నడిపే ఓఎస్‌డీలు, చివర్లో ఫైల్ సిస్టమ్ సర్వర్లు. ఓఎస్‌డీలను ఒక్కో మెషీన్‌లోనే రీస్టార్ట్ చేయాలి. నోఅవుట్ హెచ్చరిక తప్ప ఇంకేమీ కనిపించనప్పుడే తర్వాతి మెషీన్ ముట్టుకోండి. రెండు మెషీన్లు ఒకేసారి పడిపోతే డిఫాల్ట్ సెట్టింగ్‌లో రాతలూ చదవడాలూ ఆగిపోతాయి.

సెఫ్‌అడ్మ్ వాడేవాళ్లు "ఒక్క కమాండ్‌తో ఇదంతా అదే చేస్తుందిగా" అంటారు. నిజమే, వరుస అది చూసుకుంటుంది. కానీ బ్యాకప్ తీసిపెట్టదు. మేజర్ వెర్షన్ నుంచి వెనక్కి వెళ్లే దారి సెఫ్‌లో లేదు. ఓఎస్‌డీలన్నీ మారాక కొత్త వెర్షన్‌ని తప్పనిసరి చేసే చివరి కమాండ్ ఇస్తే పాత ఓఎస్‌డీలు ఇక క్లస్టర్‌లో చేరనే లేవు.

కాబట్టి ఫ్యామిలీ ఫోటోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు క్లస్టర్ బయట ఇంకో డిస్క్‌లో ఉన్నాయా? వాటిలో ఒకటి రీస్టోర్ చేసి, తెరిచి చూశారా? రెండిటికీ అవునంటేనే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. లేదంటే ఈ వీకెండ్ బ్యాకప్‌కి, అప్‌గ్రేడ్ వచ్చే వీకెండ్‌కి.