నందిగామ ఖూన్ కాదు, అమ్మీ!

మా వాడికి పదేళ్ళు. రెండేళ్ళ నుంచి ఊరికే పడిపోతున్నాడు. రాయి ఉండదు, గుంట ఉండదు, చదునైన నేల మీదే బొక్కబోర్లా పడతాడు. హవాయి చెప్పులు కాలికి నిలవవు, నడుస్తుంటే వెనకే ఉండిపోతాయి. జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ తలా ఒక ఫత్వా ఇచ్చి వెళ్ళారు. నజర్ తగిలిందని ఒకరు. ఏదో అసర్ ఉందని ఇంకొకరు. స్కూల్లో డ్రిల్లు సారుకైతే వాడివన్నీ నాటకాలే. మెళ్ళో రెండు తావీజులు పడ్డాయి, డబ్బులూ పోయాయి. మా అమ్మీ ఇంకో అడుగు ముందుకేసి కసూర్ ఎవరిదో కూడా తేల్చేసింది.

"మన ఖాందాన్‌లో ఇట్టాంటివి లేవురా. ఇది నందిగామ ఖూన్."

నా బీవీ మాయకా నందిగామ. ఏడాదిన్నర పాటు ఆ మాట పడింది. నేను ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆ ఖామోషీకి సిగ్గుపడే ఇది రాస్తున్నా.

చివరికి హైదరాబాద్‌లో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మావాడి మేజోళ్ళు తీయించి చూశాడు. మడమల మీద నడవమన్నాడు. వాడివల్ల కాలేదు. తర్వాత నావైపు తిరిగి, "మీ బూట్లు కూడా తీయండి" అన్నాడు. తీశాను. అరికాలు విల్లులా పైకి లేచి ఉంది, వేళ్ళు కొక్కేల్లా ముడుచుకుని ఉన్నాయి. కొడుకు పాదం, నా పాదం పక్కపక్కన పెడితే పెద్దదీ చిన్నదీ అనే తేడా తప్ప అచ్చం ఒకటే. "మీ నాన్నగారివి?" అని అడిగాడు.

మా అబ్బా టైలరు. నలభై దాటాక పెడల్ తొక్కలేక మిషనుకి మోటారు పెట్టించాడు. ఆ తర్వాత కాజాలు కుట్టడానికి సూది పట్టు దొరికేది కాదు. బజార్లో మోకాళ్ళు ఎత్తెత్తి నడుస్తుంటే పిల్లలు వెక్కిరించేవాళ్ళు. మేమంతా మిషను తొక్కీ తొక్కీ అలా అయ్యాడనుకున్నాం. రోజుకి ఐదుసార్లు వజూ చేస్తాం. హౌజ్ దగ్గర అబ్బా పక్కనే కూర్చుని కాళ్ళు కడుక్కున్నవాణ్ణే నేను. కడిగానే గానీ చూసిందెప్పుడు?

ఈ బీమారి పేరు షార్కో-మరీ-టూత్. 1886లో దీని గురించి రాసిన ముగ్గురు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారు. (అమ్మీ "పళ్ళ జబ్బా?" అని అడిగింది. కాదు, టూత్ ఒక ఇంగ్లీషు డాక్టరు ఇంటిపేరు.) ప్రతి 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. కరెంటు తీగ మీద తొడుగు ఉన్నట్టే నరం మీదా ఒక పొర ఉంటుంది. దీనిలో ఎక్కువమందికి ఉండే రకంలో పాడయ్యేది ఆ పొరే. 17వ క్రోమోజోములో పీఎంపీ 22 అనే జన్యువు ఒక కాపీ ఎక్కువ ఉంటుంది. 1991లో కనిపెట్టారు. చేతి నరంలో సంకేతం మామూలుగా సెకనుకి 50 మీటర్ల పైచిలుకు పరిగెత్తాలి, ఈ రకంలో 38 కూడా దాటదు. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టే పాదాలతో మొదలై, చేతులకి తర్వాత వస్తుంది. అఖల్‌కి ఏమీ కాదు, ఆయుష్షూ సాధారణంగా తగ్గదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం, ఆడైనా మగైనా.

అంటే ఇది జగ్గయ్యపేట ఖూన్. మాదే.

అంతకు ముందు బెజవాడలో ఒక డాక్టరు కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా "మీవాళ్ళలో అన్నీ మేనరికాలేగా" అన్నాడు. సాబ్, నాకూ నా బీవీకీ పెళ్ళికి ముందు ఏ రిష్తేదారీ లేదు. అసలు మామూ-భాంజీ నికా మాకు హరామ్. అక్క కూతుర్ని చేసుకునే ఆనవాయితీ ఎవరిళ్ళలో ఉందో మీకు తెలియందా? ఈ జబ్బులో కొన్ని రకాలు దగ్గరి సంబంధాల్లో ఎక్కువ వస్తాయి, నిజమే, ఒప్పుకుంటా. మా వాడిది ఆ రకం కాదు. పేరు చూసి ఇల్జామ్ వేసే బదులు పాదాలు చూసి ఉంటే మాకు ఏడాది కలిసొచ్చేది.

పోలియో అన్నవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లాడి కాలు సన్నబడుతుంటే పోలియో అనేసి వదిలేస్తే ఎలా? ఇంకొందరు గుసగుసగా కుష్ఠు అన్నారు. నరాలు ఉబ్బి చేతికి తగలడం రెండిట్లోనూ ఉండొచ్చు. అందుకే తేల్చాల్సింది గుసగుసలు కాదు, నరాల పరీక్ష. జన్యుపరీక్షల సంగతికి హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది.

"ఇలాజ్ లేనప్పుడు తెలుసుకుని ఏం లాభం?" అంటున్నారు మావాళ్ళు. నయం చేసే మందు లేదు, నిజమే. కానీ కాలికి పట్టీ వేశాక మావాడు పడటం తగ్గింది. సాగదీసే కసరత్తులు చేస్తే మడమ బిగుసుకుపోకుండా చూసుకోవచ్చు. విన్‌క్రిస్టిన్ అనే కేన్సర్ మందు ఈ జబ్బున్నవాళ్ళ నరాల్ని ఘోరంగా దెబ్బతీస్తుంది, ఆ మాట ఏ డాక్టరుకైనా ముందే చెప్పుకోవాలి. వైకల్యం నలభై శాతం వస్తే సదరం సర్టిఫికెట్ హక్కు, ఖైరాత్ కాదు. అన్నిటికన్నా ముందు, పిల్లాడు నాటకాలాడటం లేదని ఇంట్లో తెలుస్తుంది. తల్లి మీద ఇల్జామ్ పోతుంది. ఇది లాభం కాదా?

అసలు భయం వేరే. రిష్తాలు. "బయటికి చెప్పకు, ఆడపిల్లలున్న ఖాందాన్, బద్‌నామ్ అవుతాం." దాచిపెట్టి షాదీ చేస్తే బీమారి దాక్కుంటుందా? పదేళ్ళ తర్వాత ఇంకో ఇంట్లో, ఇంకో కోడలి మెడకి చుట్టుకుంటుంది. నా బీవీకి జరిగింది అదే. అబ్బా తెలియక దాచాడు. మనం తెలిసి దాచుదామా?

అమ్మీ ఇప్పుడు నందిగామ మాట ఎత్తడం లేదు. మాఫీ కూడా అడగలేదు. నేను అడిగాను. బీవీ ఏమీ అనలేదు, పిల్లాడి పట్టీ బిగిస్తూ ఉండిపోయింది.

ఇక మా ఛోటీకి ఒక మాట. నువ్వూ నందిగామలోనే కాపురం ఉంటున్నావు, నీ పాపా మోకాళ్ళు ఎత్తి నడుస్తోంది. పోయిన ఈద్‌కి నేను చూశాను, నువ్వూ చూశావు, ఇద్దరం మాట మార్చాం. మీ అత్తగారు వింటే ఏమంటుందోనని నీ భయం. కోపం వస్తే రానీ, ఆవిడతో నేనే మాట్లాడతా, మా అబ్బా పాదాల గురించి నేనే చెప్తా. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా. పాపకి మేజోళ్ళు తొడగకుండా ఉంచు.