కారు రంగు ఊడితే జవాబు చెప్పవలసినది ఎవరు?



ఈ నెల కారు రంగు గురించి వ్రాస్తున్నాను. పల్లెటూరి కుటుంబాలు చదివే పత్రికలో ఈ సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుప్రక్కల మన సంఘములలో అరవై, డెబ్బై లక్షల కారు కొన్న ఇల్లు అరుదు. అయితే అలాంటి కారు తోలి బ్రతికే బిడ్డలున్న ఇండ్లు తక్కువేమీ కావు. కువైత్‌లోనూ, బెంగళూరులోనూ, హైదరాబాదులోనూ తెల్లవారకముందే లేచి యజమాని కారు కడిగి తుడిచేది మన పిల్లలే. బానెట్ మీద పొక్కు లేచినా, డిక్కీ అంచున రంగు పొరగా లేచినా మొదట కంటబడేది వారికే. మొదటి మాట పడేది కూడా వారే. "ఏం సబ్బు వేసి కడిగినావురా?" అంటారు. జీతంలో పట్టుకుంటామని కూడా అంటారు.

రంగు ఊడటానికి కడిగినవాడు కారణం కావచ్చు, కాకపోవచ్చు. ఫ్యాక్టరీలోనే పొరపాటు జరిగి, అది మూడేండ్లకో ఆరేండ్లకో బయటపడిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. అవి తెలిస్తే మాట పడవలసినవాడు ఎవరో తేల్చుకోవచ్చు.

ముందు రంగు ఎలా వేస్తారో చూద్దాం. మన ఊరి పెయింటింగ్ షెడ్డులో అయితే రేకు గీకి, లప్పం పెట్టి, ఎమరీ పేపరుతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు కొడతారు. ఫ్యాక్టరీలో కారు బాడీని మొత్తంగా తొట్టిలో ముంచి, కరెంటు ప్రవహింపజేసి తుప్పు పట్టని మొదటి పొరను అతికిస్తారు. దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన అద్దంలాంటి క్లియర్ కోటు. ఈ పొరలన్నీ కలిపితే మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు, అంటే రెండు తలవెండ్రుకలంత. ఇంత పలుచని దానిలో ఒక పొర మరొక పొరను సరిగా పట్టుకోకపోతే ఎండకు ఎండి, వానకు తడిసి, కొన్నేండ్లకు ఉల్లిపొరలాగా లేచి వస్తుంది. బట్ట గరుకైతే గీతలు పడతాయిగాని, బట్టతో తుడిచినందుకు రంగు పొరలు పొరలుగా లేవదు.

అమెరికాలో టయోటా కంపెనీవారి తెల్ల కార్ల సంగతి ఇలాంటిదే. ఎండ తగిలి తగిలి, లోపల పట్టు సడలి రంగు పెచ్చులుగా ఊడుతోందని కంపెనీయే ఒప్పుకొని, 2019లో కొన్ని మోడళ్ళకు ఉచితంగా రంగు వేయించే ఏర్పాటు చేసింది. అవి మధ్యతరగతివారి కార్లు. మెర్సిడెస్ బెంజి వంటి గొప్ప కారు కూడా దీనికి అతీతం కాలేదు. ఆ కంపెనీ వేసిన ఎర్రరంగులలో "మార్స్ రెడ్" అనేది ఒకటి, దాని నంబరు 590. ఆ రంగు కార్లలో క్లియర్ కోటు పొక్కులు లేచి ఊడిపోతున్నదని అక్కడి యజమానులు 2018లో జార్జియా రాష్ట్రంలోని కోర్టుకు వెళ్ళారు. విడివిడిగా పోలేదు, అలాంటి కారు ఉన్న వారందరి తరఫున ఒకే దావా వేశారు. 2021లో రాజీ కుదిరింది. కారు వయస్సును బట్టి మళ్ళీ రంగు వేయించే ఖర్చు మొత్తమో, ముప్పాతికో, సగమో కంపెనీ భరించాలి. పదిహేనేండ్ల వరకు వయస్సున్న కార్లకు కూడా ఏదో ఒక వాటా దక్కింది. ఒక్కొక్కరుగా వెళ్ళి షోరూములో గొడవపడితే "బయట నిలబెట్టినారు, ఎండకు పోయింది" అని పంపించేవారే. ఒకే నంబరు రంగు వందల కార్లమీద ఒకే తీరుగా ఊడుతుంటే ఆ మాట చెల్లదు.

ఈ విషయంలో అందరికంటే పేరుపడిన కేసు మరొకటి ఉన్నది. దానిని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అందులో ఇరుపక్షాల తప్పొప్పులూ కనబడతాయి.

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ పట్టణంలో ఐరా గోర్ అనే డాక్టరు 1990 జనవరిలో బీఎండబ్ల్యూ కారు కొన్నాడు. ధర 40,750 డాలర్ల పైచిలుకు. తొమ్మిది నెలలు సంతోషంగా తిరిగాడు. కారు ఇంకాస్త నిగనిగలాడాలని ఒక పాలిష్ షాపుకు తీసుకొని వెళ్ళాడు. ఆ షాపువాడు చేయి తిరిగినవాడు. "డాక్టరుగారూ, ఈ కారుకు ఇంతకుముందే మళ్ళీ రంగు వేశారు" అన్న సంగతి కనిపెట్టాడు. విచారిస్తే నిజమే. జర్మనీ నుండి ఓడలో వచ్చే దారిలో ఆమ్లవర్షం తగిలి రంగు దెబ్బతిన్నది. అమెరికాలో దిగిన తరువాత కంపెనీవారే టాప్, బానెట్, డిక్కీ, ప్రక్క భాగాలకు మళ్ళీ రంగు వేశారు. అయిన ఖర్చు 601 డాలర్లు. డాక్టరుకు గాని, అమ్మిన డీలరుకు గాని ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పకపోవడం ఏదో మరచిపోయి కాదు. కంపెనీ 1983లోనే ఒక నియమం పెట్టుకున్నది. మరమ్మతు ఖర్చు కారు ధరలో నూటికి మూడు వంతులు దాటితే ఆ కారును పాతదిగా అమ్మాలి. దాటకపోతే కొత్తదిగానే అమ్మవచ్చు, ఎవరికీ చెప్పనక్కరలేదు. అక్కడి చాలా రాష్ట్రాల చట్టాలు కూడా దాదాపు ఆ హద్దునే ఒప్పుకున్నాయి కాబట్టి మేము తప్పు చేయలేదని వాదించారు. నాకు ఆ వాదం నచ్చదు. మనం ఎద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తాం, నడిపించి చూస్తాం. ఎద్దు మన ఎదుట ఉంటుంది. రంగు కింద ఉన్న రంగును కొనేవాడు చూడలేడు. చూడగలిగినవాడు అమ్మేవాడొక్కడే.

జ్యూరీ డాక్టరు మాట నమ్మింది. మళ్ళీ రంగు వేసిన కారు విలువ నూటికి పది వంతులు తగ్గుతుందని లెక్కవేసి 4,000 డాలర్లు నష్టపరిహారం ఇచ్చింది. అంతటితో ఆగలేదు. ఇలాంటి కార్లు దేశమంతటా సుమారు వెయ్యి అమ్మారు గనుక, వెయ్యిని నాలుగు వేలతో హెచ్చించి, శిక్షగా 40 లక్షల డాలర్లు వేసింది! అలబామా సుప్రీంకోర్టు దానిని 20 లక్షలకు దించింది. చివరకు 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు, ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా చీలి, అది కూడా మితిమీరిన శిక్షేనని చెప్పింది. చేసిన పని ఎంత చెడ్డది, జరిగిన నష్టానికీ శిక్షకూ పొంతన ఉన్నదా, అలాంటి తప్పుకు చట్టం మామూలుగా ఎంత జరిమానా పెట్టింది అనే మూడు కొలతలతో చూడమన్నది. తరువాతి సంవత్సరం అలబామా కోర్టు 50,000 డాలర్లకు తగ్గించింది.

నలభై లక్షలు ఎక్కడ, యాభై వేలు ఎక్కడ! డాక్టరు ఓడిపోయినట్లే గదా అనిపిస్తుంది. కాని జ్యూరీ తీర్పు వచ్చిన కొద్దిరోజులకే కంపెనీ తన మూడు వంతుల నియమాన్ని తీసివేసి, ఎంత చిన్న మరమ్మతైనా చెప్పి తీరాలని మార్చుకున్నది. నాకైతే డబ్బు కంటే అదే పెద్ద ఫలితంగా కనబడుతుంది. అదే సమయంలో నాలుగు వేల నష్టానికి నలభై లక్షలు ఇవ్వడం కూడా న్యాయం కాదనే అనుకుంటున్నాను. ప్రక్క రాష్ట్రాలలో అమ్మిన కార్ల లెక్క ఒక డాక్టరు సంచిలో వేయడం ఏ తూకం?

మన దేశానికి వద్దాం. ఇక్కడ అంతంత శిక్షలు లేవు. ఒక మారుతి కారు క్లచ్ బాగాలేదని జమ్మూ ప్రాంతపు యజమాని వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, వారంటీలో చెడిన భాగాన్ని బాగుచేస్తామని, మారుస్తామని ఉన్నప్పుడు కారు మొత్తం మార్చమనడానికి వీలులేదు. మరమ్మతు కోసం తిరిగిన ఖర్చుల క్రింద 50,000 రూపాయలు ఇప్పించింది. కాబట్టి రంగు ఊడిందని "కొత్త కారు ఇవ్వండి" అని మొదలుపెట్టేవారు చాలాసార్లు చేతికందేది కూడా పోగొట్టుకుంటారు. మళ్ళీ రంగు వేయించమనండి, లేదా విలువ తగ్గినంత ఇమ్మనండి.

2021 ఫిబ్రవరిలో వచ్చిన మరో తీర్పు గోవాకు చెందినది. 2011 మోడలు కారుకు డబ్బు కట్టిన ఒకాయనకు డీలరు 2009లో తయారైన టాటా కారును అంటగట్టాడు. అది అప్పటికే 600 కిలోమీటర్లకు పైగా తిరిగినది. అడుగుభాగం తుప్పుపట్టి, బాడీ మీద గీతలు ఉన్నాయి. క్రింది కమిషన్లు డీలరుతోపాటు కంపెనీని కూడా బాధ్యులను చేశాయి. సుప్రీంకోర్టు కంపెనీని వదిలిపెట్టింది. డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసునని చూపించే సాక్ష్యం లేదు, డీలరు కంపెనీ దగ్గర కొని తన సొంతంగా అమ్మేవాడు అని చెప్పింది. దీనిని బట్టి తప్పు ఫ్యాక్టరీలో జరిగిందా, షోరూము గోడౌనులో జరిగిందా అని వేరుచేసి చూపడం ఎంత అవసరమో గ్రహించండి. ఉత్తరం మాత్రం మొదటినుండి ఇద్దరికీ వ్రాయాలి.

వేరుచేయడం ఎలా? రంగు మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది. పాత కార్లు కొని అమ్మేవారి దగ్గర, పెద్ద షెడ్డులలో చూడవచ్చు. కారంతా 120 ఉండి ఒక డోరు మీద 250, 300 చూపిస్తే అక్కడ మళ్ళీ రంగు వేసినట్లు. అన్నిచోట్లా మందం ఒకటే ఉండి, దెబ్బగాని రాయి తగిలిన గుర్తుగాని లేకుండా పొక్కులు లేస్తే అనుమానం ఫ్యాక్టరీ మీదకే పోతుంది. ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటున్నది. యర్రగుంట్ల, చిలంకూరు వైపు సిమెంటు దుమ్ము, థర్మల్ స్టేషను బూడిద, నాపరాతి పాలిష్ యూనిట్ల తెల్లపొడి మంచులో తడిసి కారుమీద గట్టిపడతాయి. పిట్టల రెట్ట, చెట్టు జిగురు, ఫ్యాక్టరీల దుమ్ము వారంటీలోకి రావని కంపెనీలు పుస్తకంలో సాధారణంగా ముందే వ్రాసుకుంటాయి. అలాంటి మరకలు పైనుండి పడతాయి గనుక టాప్ మీద, బానెట్ మీద ఎక్కువగా, డోర్ల క్రింద తక్కువగా ఉంటాయి. డోరు తెరిచి లోపలి అంచు చూడండి. దుమ్ము చేరని ఆ చోట కూడా రంగు లేచి ఉంటే అది బలమైన సాక్ష్యం.

కారు తోలే పిల్లలకు ఒక మాట. మొదటి పొక్కు కనబడిన రోజే ఫోనుతో ఫోటో తీసి, అదే రోజు యజమానికి చూపించండి. తేదీ ఫోటోలోనే ఉంటుంది. దానిని గోటితో గీకవద్దు, షాపులో ఏదో మందు రాయించవద్దు. ఏజెన్సీవారికి చూపించి మందం కొలిపించమని యజమానిని వినయంగా అడగండి. అది ఫ్యాక్టరీ లోపమని ఏజెన్సీ వ్రాసి ఇస్తే మీ జీతం జోలికి రావడానికి కారణం ఉండదు.

సొంత బండి ఉన్నవారు షోరూముకు వెళ్ళినప్పుడు నోటిమాటతో తిరిగి రాకండి. జాబ్ కార్డులో "రంగు పొక్కులు" అని వ్రాయించి నకలు తీసుకోండి. వారు పట్టించుకోకపోతే డీలరుకు, కంపెనీ హెడ్డాఫీసుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ ఫిర్యాదు నమోదైతే కొన్ని కంపెనీలు కేసు దాకా రానివ్వవు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 1986 చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుండి అమలులో ఉన్నది. దీనిలో మనకు మేలైన మార్పు ఒకటున్నది. కారు బెంగళూరులో కొన్నా, చెన్నైలో కొన్నా, కొన్నవాడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. పులివెందులవారు కడపలో వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌లో, అంతకుమించి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఇంటర్నెట్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. రంగు లోపం కంటితో తేలదు గనుక పరీక్షకు పంపమని కమిషన్‌ను అడగండి. ఆ పరీక్ష ఫీజు ముందుగా మీరే కట్టవలసి రావచ్చు. నిపుణుని రిపోర్టు లేని కేసు నిలబడటం కష్టం.

ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉన్నవారు "మాది వ్యాపారం బండి కదా, మాకు వర్తించదేమో" అని అడుగుతుంటారు. తన జీవనోపాధి కోసం తానే పనిచేసుకునేవాడు వినియోగదారుడే అని చట్టంలోనే ఉన్నది. పది బండ్లు పెట్టి డ్రైవర్లతో తిప్పించేవారి సంగతి వేరు.

గడువు రెండేండ్లు. లోపం బయటపడి వివాదం మొదలైనప్పటి నుండి లెక్క. షోరూమువారు "వచ్చే నెల చూద్దాం, కంపెనీ ఇంజనీరు వస్తాడు" అని చెప్పే తియ్యని మాటలతో ఆ రెండేండ్లూ గడిచిపోయిన కాగితాలు పట్టుకొని కొందరు వస్తున్నారు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు, కాని ఆ కారణానికి కూడా కాగితం కావాలి. కాబట్టి వారు వాయిదా చెప్పిన ప్రతిసారీ, చెప్పిన తేదీతో ఒక చిన్న ఉత్తరం వ్రాసి పంపండి.