ఇల్లు కట్టేది ఒంటరిగానా?

మొగుడంపల్లి మండలంలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని సంబురపడ్డ మనం ముగ్గు పోసిన రోజు నుంచే అప్పులోకి దిగుతున్నాం. ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు. అదీ నాలుగు విడతల్లో, పని చేసి చూపించాకే. బేస్‌మెంట్ లేవాలంటే ముందు మన చేతి డబ్బే పెట్టాలి. చెరకు పైసలు వచ్చేదాకా మేస్త్రీ ఆగడు, మిత్తికి తేక తప్పదు.

ముంబై రోడ్డు పట్టుకుని పోతే షోలాపూర్ వస్తుంది. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో. నర్సయ్య ఆడం నాయకత్వంలో వాళ్లు గోదూతాయి పరులేకర్ పేరిట సహకార సంఘం పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి కొట్లాడారు. సర్కారు సొమ్ముకు తమ వాటా కలిపి కుంభారి దగ్గర 10,000 ఇళ్లు సాధించారు. 2006లో తాళాలు చేతికొచ్చాయి. రోజు కూలి మీద బతికేవాళ్లు చేసిన పని ఇది.

మన జాగాలు ఎవరివి వాళ్లవే, కాలనీ కుదరదు. కానీ పదిళ్లవాళ్లం కలిస్తే సిమెంటు, సలాక ఒక్కసారే బేరమాడొచ్చు. నాట్లకు బదులు పోయినట్టే పునాదులకూ పోవచ్చు. ఎవరి స్లాబు ముందన్న పంచాయితీ వస్తుంది, తప్పదు. చీటీ తీద్దాం. మొదటి విడత ముందే ఇవ్వాలని ఎంపీడీవోను పదిమందిమి కలిసి అడుగుదాం. ఈ నెల సంఘం మీటింగుకు మంజూరు కాగితం తెచ్చుకోండి.